రెయిడ్ నుంచి డిస్క్ ఎందుకు తప్పుకుంది?

ప్రశ్న: మా ఫొటో స్టూడియోలో లినక్స్ కంప్యూటర్‌పై మూడు డిస్కులతో సాఫ్ట్‌వేర్ రెయిడ్-5 పెట్టుకున్నాం. ఉన్నట్టుండి ఒక డిస్క్ తప్పుకుంది. విడిగా పరీక్షిస్తే బాగానే ఉందంటోంది. మార్చాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: డిస్క్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఫొటోలన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. రెయిడ్-5 ఒక్క డిస్క్ నష్టాన్నే తట్టుకుంటుంది. రీబిల్డ్‌లో మిగతా రెండింటినీ ఆసాంతం చదవాలి కనుక, దాగిన లోపాలు అప్పుడే బయటపడతాయి.

తర్వాత కెర్నెల్ లాగ్‌లో ఆ డిస్క్ తప్పుకున్న సమయంలోని వరుసలు చదవండి. స్మార్ట్ రిపోర్టులో ‘పాస్’ అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. అందులో 199వ అంశం (సీఆర్‌సీ లోపాలు) పెరుగుతుంటే తప్పు చాలావరకు సాటా కేబుల్‌దే. మార్చి చూడండి. మార్చినా ఆ అంకె తగ్గదు. పెరగడం ఆగిందా అన్నదే ముఖ్యం. 5, 197 అంశాలు పెరుగుతుంటే డిస్కే చెడుతోంది, మార్చేయండి.

ఇవేవీ కాకపోతే గడువుల తేడాను అనుమానించాలి. చాలామంది పట్టించుకోనిది ఇదే. డెస్క్‌టాప్ డిస్క్ చదవలేని చోట నిమిషానికి పైగా ప్రయత్నిస్తూ ఉండిపోవచ్చు. లినక్స్ మామూలుగా 30 సెకన్లే ఆగి, లింక్ రీసెట్ చేస్తుంది. అలా మంచి డిస్క్ కూడా రెయిడ్ నుంచి తప్పుకుంటుంది. డిస్క్‌లో వీలుంటే దాని గడువు 7 సెకన్లకు తగ్గించండి. లేదంటే లినక్స్ గడువు 180 సెకన్లకు పెంచండి.

రెండో డిస్క్ కూడా తప్పుకున్నా, టకటక శబ్దం వచ్చినా వెంటనే కంప్యూటర్‌ను ఆపేయండి. రెయిడ్‌ను కొత్తగా సృష్టించే ఆదేశం మాత్రం ఇవ్వకండి. నేరుగా డేటా రికవరీ నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి.