చెరువులు ఎందుకు పచ్చబడతాయి? సరస్సుకు తెర కట్టి తేల్చారు

చెరువు నీటిపై పచ్చని తెట్టు కట్టిందంటే శైవలాలు, అంటే నాచుజాతి సూక్ష్మజీవులు, విపరీతంగా పెరిగాయని అర్థం. వాటికి ఎరువు వేస్తున్నది చాలాచోట్ల మనమే. ఇళ్ల మురుగు, పొలాల నుంచి వాననీటితో కొట్టుకొచ్చే ఎరువులు నత్రజనిని, భాస్వరాన్ని చెరువులోకి చేరుస్తాయి. ఇలా పోషకాలు పేరుకుపోవడాన్నే యూట్రోఫికేషన్ అంటారు. సహజంగా ఇది వేల ఏళ్లు పట్టే మార్పు. మనిషి చేయి పడితే కొన్ని దశాబ్దాలు చాలు.

ఇంతకీ వీటిలో అసలు దోషి ఏది? 1960ల చివర ఉత్తర అమెరికాలో ఈరీ సరస్సు పచ్చబడుతున్నప్పుడు దీనిపై పెద్ద వాదమే నడిచింది. భాస్వరమే కారణమని కొందరు శాస్త్రవేత్తలు, కాదు కార్బన్ అని సబ్బుల పరిశ్రమ తరఫువారు. అప్పటి డిటర్జెంట్లలో ఫాస్ఫేట్లు దండిగా ఉండేవి మరి!

కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం ఏకంగా సరస్సులోనే ప్రయోగం చేసింది. వాయవ్య ఒంటారియోలోని 226వ నంబరు సరస్సు ఇరువైపులా వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా ఉంటుంది. 1973లో ఆ నడుముకు అడ్డంగా, అడుగుదాకా నైలాన్ తెర దించారు. ఒక సగంలో చక్కెర రూపంలో కార్బన్, నైట్రేట్ రూపంలో నత్రజని వేశారు. రెండో సగంలో ఆ రెండింటితోపాటు భాస్వరం కూడా వేశారు. కొద్దికాలానికే రెండో సగం చిక్కని ఆకుపచ్చగా మారింది. మొదటి సగం ఇంచుమించు మునుపటిలాగే ఉంది. పైనుంచి తీసిన ఆ ఫొటో చూశాక వాదించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

అదే ప్రాంతంలోని 227వ సరస్సులో 1990 నుంచి నత్రజని వేయడం మానేసి భాస్వరం ఒక్కటే వేశారు. అయినా పచ్చదనం పోలేదు. కొన్ని నీలి ఆకుపచ్చ శైవలాలు గాలిలోని నత్రజనిని వాడుకోగలవు. కార్బన్ డయాక్సైడ్ కూడా గాలి నుంచి నీటిలో కరుగుతుంది. భాస్వరానికి గాలిలో అలాంటి నిల్వ లేదు. (నత్రజనిని కూడా తగ్గించాలా అన్న చర్చ మాత్రం ఇంకా సాగుతూనే ఉంది.)

మురుగు ఆపినంత మాత్రాన నీరు వెంటనే తేరుకుంటుందనుకోకూడదు. చచ్చిన శైవలాలు అడుగుకు చేరి కుళ్లుతాయి. వాటిని తినే బ్యాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను వాడేస్తుంది. చేపలు చచ్చేది అప్పుడే. ఆక్సిజన్ లేకపోతే అడుగు బురదలో ఇనుముతో కలిసి ఉన్న భాస్వరం విడివడి మళ్లీ నీటిలోకి వస్తుంది. అంటే పాత మురుగే కొత్త ఎరువవుతుంది.

హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చింది. తర్వాత దశాబ్దాలపాటు నాలాల మురుగు అందులో చేరింది. అందుకే అక్కడ మురుగును మళ్లించడంతోపాటు పూడిక తీయడం కూడా చేపట్టాల్సి వచ్చింది. ఇక మురుగుశుద్ధి కేంద్రాల సంగతి. సాధారణ శుద్ధిలో సేంద్రియ మలినాలు చాలావరకు పోతాయి గానీ భాస్వరంలో ఎక్కువ భాగం నీటిలోనే మిగులుతుంది. దాన్ని తీయాలంటే పటిక లేదా ఇనుప లవణాలు కలపడంలాంటి అదనపు దశ ఉండాలి.