అహేతుకం

అక్కలారా, ఈ పాఠంలో ఒక కొత్త మాట నేర్చుకుందాం. అ-హే-తు-కం. నాలుగే అక్షరాలు. పలకడానికి కొంచెం బిగువుగా ఉంటుంది. కూడబలుక్కుని రెండుసార్లు చదవండి.

హేతువు అంటే కారణం. మాట ముందు 'అ' చేరిస్తే 'లేదు' అని అర్థం వస్తుంది. న్యాయం, అన్యాయం. ధర్మం, అధర్మం. అట్లాగే హేతువు లేనిది అహేతుకం. హేతువు ఉన్నది సహేతుకం. ఇంట్లో ఎవరూ ఈ మాట అనరు. పత్రికల్లో, కోర్టు కాగితాల్లో ఎప్పుడైనా కనిపిస్తుంది. కొందరు నిర్హేతుకం అని కూడా రాస్తారు. అర్థం అదే.

మాట కొత్తదే గానీ సంగతి మనకు పాతదే. తాటిచెట్టు ఎందుకు ఎక్కినావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడంట ఒకడు. వాడు కారణం చెప్పకుండా పోలేదు. చెప్పినాడు. కానీ తాటిచెట్టు మీద గడ్డి ఉంటుందా? చెప్పిన కారణానికీ చేసిన పనికీ పొంతన లేదు. అందుకే అది అహేతుకమైన మాట.

తాటిచెట్టు మీదే ఇంకో మాట ఉంది. కాకతాళీయం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది. అప్పుడే పండు రాలింది. కాకి వాలినందుకే పండు రాలిందా? పండు మాగింది, రాలింది. ఒకదాని వెంట ఇంకొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. కొత్తకోడలు వచ్చిన నెలలోనే బర్రె చచ్చిపోతుంది. కోడలి అడుగు మంచిది కాదంటారు. బర్రెకు జబ్బు చేసింది. మధ్యలో కోడలేం చేసింది?

కోడలి మీద పడే నింద ఇదొక్కటే కాదు. వరసగా ఆడపిల్లలు పుడితే ఆమెనే అంటారు. కొన్ని ఇళ్లల్లో పుట్టింటికి పంపేస్తారు. మగవాడికి ఇంకో పెళ్లి చేస్తామంటారు. ఇక్కడ హేతువు ఏమిటో చూద్దాం. బిడ్డ ఆడా మగా అనేది కడుపులో పడినప్పుడే తేలిపోతుంది. తల్లి నుంచి బిడ్డకు వచ్చేది ఎప్పుడూ ఎక్స్ అనే క్రోమోజోమే. తండ్రి నుంచి ఎక్స్ రావచ్చు, వై రావచ్చు. ఎక్స్ వస్తే ఆడబిడ్డ, వై వస్తే మగబిడ్డ. తల్లి దగ్గర వై లేనే లేదు. లేనిదాన్ని ఆమె ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది? ఆమెను తిట్టడం అహేతుకం. అట్లని మొగుణ్ణి తిట్టడమూ అహేతుకమే. ఏది రావాలో నిర్ణయించేది ఆయన చేతిలో లేదు. ఈ నాలుగు మాటలు ఇంట్లో అత్తగారికి కూడా చదివి వినిపించండి. ఆమె కూడా ఒకప్పుడు ఇదే నింద పడి ఉంటుంది.

పెద్దవాళ్లు చెప్పిందంతా అహేతుకం అనుకోవద్దు. మన పక్కనే దొరవారిసత్రం మండలంలో నేలపట్టు ఉంది. వానలు పడినాక అక్కడి చెరువుకు గూడబాతులు, కొంగలు వస్తాయి. నీళ్లల్లో ఉండే కడప చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. ఈ పక్షులు వస్తే పంటలు బాగా పండుతాయని ఆ ఊరివాళ్ల నమ్మకం. వాటిని ఎవరూ కొట్టరు. ఈ నమ్మకానికి హేతువు ఉందా? ఉంది. పక్షుల రెట్ట చెరువు నీళ్లల్లో పడుతుంది. రెట్ట మంచి ఎరువు. ఆ నీళ్లు పొలాలకు పారుతాయి. ఇది సహేతుకం.

కొన్ని మాటలు సహేతుకంగా వినిపిస్తాయి. లెక్క వేస్తే గానీ బయటపడవు. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా వద్దని లేచినారు. అప్పుడు మన సూళ్లూరుపేట ఆ జిల్లాలోనే ఉండేది. 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. దూబగుంట పేరు, రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. సారా అమ్మితే సర్కారుకు రాబడి వస్తుంది, ఆ రాబడితోనే పేదలకు మేలు చేస్తామనే వాదన అప్పట్లో ఉండేది. కిలో రెండు రూపాయల బియ్యం 1983లో మొదలైంది. ఆ బియ్యం వల్ల కిలోకు నాలుగు రూపాయలు మిగులుతాయనుకుందాం. 20 కిలోలకు 80 రూపాయలు. ఇంటాయన రోజుకు 10 రూపాయలు సారాకు పెడితే నెలకు 300. ఈ చేత్తో 80 ఇచ్చి, ఆ చేత్తో 300 తీసుకుంటే మేలు ఎక్కడుంది? (ఈ అంకెలు లెక్క కోసం నేను వేసినవి. మీ ఇంటి అంకెలు మీరు వేసుకోండి.) 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

రాయండి: హేతువు, అహేతుకం, సహేతుకం, కాకతాళీయం.

ఆలోచించండి: 'దీపం పెట్టినాక ఇల్లు ఊడవకూడదు' అంటారు. బుడ్డి దీపాల కాలంలో దీనికి హేతువు ఏమై ఉంటుంది? కరెంటు ఉన్న ఇంట్లో ఆ హేతువు ఉందా? రెండు వాక్యాలు రాసి, రేపు కేంద్రానికి తీసుకురండి.