గాలి బోర్డా, గట్టి బోర్డా?

ప్రశ్న: మాది సోమందేపల్లి. రుషికొండ బీచ్‌లో పాడిల్ బోర్డు ఎక్కాక సొంతంగా ఒకటి కొనాలనిపించింది. అద్దె ఇల్లు, పై అంతస్తు. ఉన్నది బైకే. గాలి నింపేది కొనాలా, గట్టిదా?
– ఒక పాఠకుడు

జవాబు: మీకు గాలి నింపేదే నయం. గట్టి బోర్డు పదడుగులు దాటుతుంది, బైకు మీద తేలేరు. గాలి బోర్డు చుడితే వీపు సంచిలో పడుతుంది. బరువు 10 కిలోలకు అటూ ఇటూ. మెత్తగా ఊగుతుందన్న భయం వద్దు. పై పొరనీ కింది పొరనీ లోపల వేల దారాలు పట్టి ఉంచుతాయి కాబట్టి నిండా గాలి కొడితే చెక్కలా బిగుస్తుంది. చాలామంది చేతులు నొప్పెట్టి మధ్యలోనే పంపు ఆపేస్తారు, దాంతో బోర్డు నడిమధ్య కుంగుతుంది. బోర్డు మీద రాసిన ఒత్తిడి, మామూలుగా 12–15 పీఎస్‌ఐ, వచ్చేదాకా కొట్టండి. వేగానికీ అలలకూ గట్టి బోర్డే మేలు. చెరువు నీళ్లకు అంత అక్కర్లేదు.

మన వైపు అసలు బాధ ఎండతోనూ ముళ్లతోనూ. గాలి నిండిన బోర్డును ఎండలో వదిలితే లోపల ఒత్తిడి పెరిగి అతుకులు ఊడతాయి. నీడలో పెట్టండి, లేదా కొంత గాలి తీసేయండి. గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్లుంటాయి. కింద పట్టా పరిచాకే బోర్డు విప్పండి.

గొల్లపల్లి రిజర్వాయర్ దగ్గరే కదా అని దిగేయకండి. ముందు జలవనరుల శాఖ అధికారులను అడగండి. ఎక్కడైనా సరే లైఫ్ జాకెట్ తప్పనిసరి, తూముల దరిదాపులకు పోవద్దు.

గాలి దిగుతుంటే సబ్బునీళ్లు పూయండి. బుడగలు వాల్వు దగ్గర వస్తే బిగించండి, సన్న చిల్లయితే కిట్‌లోని ప్యాచ్ వేయండి. అతుకు వెంబడి వస్తే మాత్రం కంపెనీ సర్వీసుకే పంపండి. ఈత రాకపోతే బోర్డు కొనకముందే శిక్షకుడి దగ్గర చేరండి.