ట్రేస్‌తో డ్యాష్‌బోర్డును వడకట్టే నైపుణ్యం: సాఫ్ట్‌వేర్ కొలువులకు మంచి దారి

అప్లికేషన్ ఎలా నడుస్తోందో అంకెల్లో, గ్రాఫుల్లో చూపేది మానిటరింగ్ డ్యాష్‌బోర్డు. ఒక్కో అభ్యర్థన ఏయే సేవల గుండా వెళ్లిందో, ఎక్కడ ఎంతసేపు ఆగిందో నమోదు చేసేది ట్రేస్. ట్రేస్ వివరాలతో డ్యాష్‌బోర్డును వడకట్టి లోపం ఉన్న చోటును పట్టుకోవడం సైట్ రిలయబిలిటీ ఇంజినీర్, డెవాప్స్ ఇంజినీర్, ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగాల్లో రోజువారీ పని.

సగటులో కనిపించని ఇబ్బంది

2024 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ధాన్యం అమ్మకానికి వాట్సాప్ ద్వారా స్లాట్ నమోదు చేసుకునే వీలు కల్పించింది. వరి ప్రధాన పంటగా ఉన్న గోదావరి డెల్టాకు ఇలాంటి సేవ ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. ఉదాహరణకు, ఈ తరహా సేవ ఒకటి అయిదు దశల్లో పనిచేస్తుందనుకోవచ్చు: సందేశం అందుకోవడం, ఆధార్ సరిచూడటం, ఈ-పంట నమోదు వెతకడం, స్లాట్ కేటాయించడం, జవాబు పంపడం. ఒక్కో దశ ఒక స్పాన్. ఒక రైతు అభ్యర్థనకు చెందిన స్పాన్లన్నీ కలిస్తే ఒక ట్రేస్. వాటిని కలిపి ఉంచేది ట్రేస్ ఐడీ.

వెయ్యి అభ్యర్థనల్లో 970కి ఒక సెకనులో, మిగతా 30కి 20 సెకన్లకు జవాబు వచ్చిందనుకుంటే సగటు 1.57 సెకన్లే. డ్యాష్‌బోర్డు చూసినవారికి అంతా సవ్యంగానే అనిపిస్తుంది. 95వ పర్సంటైల్ (నూటికి 95 అభ్యర్థనలు పూర్తయ్యే సమయం) కూడా ఒక సెకనే చూపుతుంది. 99వ పర్సంటైల్‌కు వెళితే గానీ 20 సెకన్లు బయటపడవు. ఆ 30 మందీ ఒకే మండలం రైతులైతే అక్కడ సేవ దాదాపు ఆగిపోయినట్టే.

వడకట్టే క్రమం

ముందు సేవ పేరు, సమయం ఎంచుకోవాలి. తర్వాత ఎర్రర్ వచ్చినవి, నిర్ణీత సమయం దాటినవి వేరుచేయాలి. ఆపై జిల్లా, మండలం, అప్లికేషన్ వెర్షన్ వంటి అట్రిబ్యూట్లతో ఒక్కొక్కటిగా వడకట్టి చూడాలి. ఏ అట్రిబ్యూట్ దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే అక్కడ ఒక ట్రేస్ తెరిచి, ఎక్కువసేపు సాగిన స్పాన్‌ను గుర్తించాలి. సవ్యంగా నడిచిన మరో ట్రేస్‌ను పక్కన పెట్టి పోల్చాలి. చివరగా ట్రేస్ ఐడీతో లాగ్‌లు వెతికితే కారణం దొరికే అవకాశం ఎక్కువ.

మూడు జాగ్రత్తలు

మొదటిది శాంప్లింగ్. ఖర్చు తగ్గించడానికి సంస్థలు కొన్ని ట్రేస్‌లనే భద్రపరుస్తాయి. ఎర్రర్ ఉన్నవాటినే ఎక్కువగా దాచే పద్ధతిలో, అలా భద్రపరిచిన ట్రేస్‌లను బట్టి ఎర్రర్ల శాతం లెక్కిస్తే తప్పుతుంది. ఆ లెక్క శాంప్లింగ్‌కు ముందే తీసిన మెట్రిక్స్ నుంచి రావాలి. రెండోది, ట్రేస్ ఐడీ వంటి ప్రతిసారీ మారే విలువను మెట్రిక్స్ లేబుల్‌గా పెడితే మెట్రిక్స్ భద్రపరిచే ప్రొమీథియస్ వంటి వ్యవస్థపై మోయలేని భారం పడుతుంది. మూడోది, ఆధార్, ఫోన్ నంబర్లను అట్రిబ్యూట్లుగా నమోదు చేయకూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్ట్యా ఈ మెలకువ ప్రతి ఇంజినీర్‌కూ తప్పనిసరి.

నేర్చుకునే దారి

గూగుల్ 2010లో డాపర్ అనే తన ట్రేసింగ్ వ్యవస్థపై పరిశోధన పత్రం వెలువరించాక ఈ రంగం వేగం అందుకుంది. ట్విటర్ నుంచి జిప్‌కిన్, ఉబర్ నుంచి యేగర్ అనే ట్రేసింగ్ టూల్స్ వచ్చాయి. ఓపెన్‌ట్రేసింగ్, ఓపెన్‌సెన్సస్ ప్రాజెక్టులు 2019లో కలిసి, ట్రేస్‌ల వంటి వివరాలు సేకరించే ఓపెన్‌టెలిమెట్రీ అయ్యాయి. ట్రేసింగ్‌లో ఇప్పుడు మొదట నేర్చుకోవాల్సింది దాన్నే.

ఈ నైపుణ్యానికి లినక్స్, నెట్‌వర్కింగ్, ఎస్‌క్యూఎల్, జావా లేదా పైథాన్ పునాది. తర్వాత డాకర్, ప్రొమీథియస్, గ్రఫానా, యేగర్ సాధన చేయాలి. ఇవన్నీ విద్యార్థులు ఉచితంగా వాడుకోవచ్చు. ఓపెన్‌టెలిమెట్రీ డెమో అప్లికేషన్‌ను తగినంత మెమొరీ ఉన్న ల్యాప్‌టాప్‌లోనే నడపవచ్చు. ఓపెన్‌టెలిమెట్రీ సర్టిఫైడ్ అసోసియేట్ పరీక్ష కూడా ఉంది. అయితే సాధన లేని సర్టిఫికెట్ ఇంటర్వ్యూలో నిలబెట్టదు.

కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోని కళాశాలల్లో, రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంలో చదివేవారు దీన్ని చివరి ఏడాది ప్రాజెక్టుగా ఎంచుకోవచ్చు. మూడు చిన్న సేవలు రాసి, ఒకదానిలో కావాలనే జాప్యం పెట్టి, దాన్ని ఫిల్టర్లతో ఎలా కనుగొన్నారో అంచెలంచెలుగా నమోదు చేయాలి. రెజ్యూమెలో పది టూల్స్ పేర్లు రాయడం కంటే, ఒక లోపాన్ని మూలం దాకా వెతికి పట్టిన ఇలాంటి ప్రాజెక్టు చూపడమే అభ్యర్థికి మేలు చేస్తుంది.