గాయముపై పొంగు నురుగు

ప్రశ్న: మా అబ్బాయి మోకాటి గాయముపై హైడ్రోజన్ పెరాక్సైడు పోయగానే తెల్లని నురుగు పొంగినది. అది చీమేనా?

జవాబు: కాదమ్మా, అది ఆక్సిజను వాయువు. దానిని పుట్టించినది మన రక్తకణములందును, కాలేయమునందును సమృద్ధిగా నుండు కాటలేజు అను ఎంజైము. జీవకణము శ్వాసించుచు, క్రొవ్వును దహించుచు నుండగా అనివార్యముగా జనించు పెరాక్సైడును, అది హాని చేయకమునుపే నీరుగను ఆక్సిజనుగను మార్చుట దాని ధర్మము. నాలుగు సమాన ఖండములు ఒండొంటిని పెనవైచుకొని యేర్పడిన యీ ప్రోటీనున, 527 అమైనో ఆమ్లముల ప్రతి ఖండపు గర్భమునను హీము అను ఒక భాగము, దాని నడుమ ఒక యినుప పరమాణువు దాగియున్నవి. అచ్చటికి పోవు త్రోవ మిక్కిలి యిరుకు. మొదటి పెరాక్సైడు అణువు ఇనుమునకు ఆక్సిజను పరమాణువు నొసగి తాను నీరగును. రెండవది తన హైడ్రోజనుల నర్పించి ఆక్సిజను వాయువై వెడలగా, ఇనుము యథాస్థితికి వచ్చును. ఇంత చక్కని పొందిక జీవరసాయనమున అరుదని నా యభిప్రాయము.

1940ల దశకమున జపానులో తకహారా అను వైద్యుడు ఒక బాలిక నోటి పుండును పెరాక్సైడుతో కడుగగా, నురుగు రాక రక్తము నల్లబడినది. ఆమెకు కాటలేజు పుట్టుకతోనే లోపించినది.

పెరాక్సైడు ఆరోగ్యవంతమగు కణములను సైతము బాధించును గనుక, చిన్న గాయమును సబ్బుతో, శుభ్రమైన నీటితో కడుగుడు.