పరిమళాభిరుచి

నేటి తెలుగులో 'కంపు' అంటే ముక్కు మూసుకోవలసిన దుర్గంధం. ప్రాచీన కావ్యభాషలో అది పరిమళానికీ చెల్లిన మాట. పొరుగున ఉన్న కన్నడంలో నేటికీ 'కంపు' అంటే సుగంధమే. ఒకే మాట ఒకచోట మెప్పుగా, మరొకచోట ఏవగింపుగా స్థిరపడినట్లే, ఒకే వాసన ఒకరికి ఆహ్లాదాన్నీ మరొకరికి తలనొప్పినీ కలిగిస్తుంది. మొగలిపూవు ఇంట్లో ఉంటే పరవశించేవారున్నారు. అది ఉన్న గదిలో నిద్రపట్టనివారూ ఉన్నారు. మల్లెలు కావాలనే అక్కకు, మరువం చాలుననే చెల్లెలికి నడుమ తీర్పు చెప్పగల న్యాయాధిపతి ఎవరూ లేరు. ఒకే ఇంట పుట్టి పెరిగినవారిలో సైతం ఈ భేదం ఎందుకు కలుగుతున్నది?

కొంత కారణం శరీరంలోనే ఉంది. ముక్కు లోపల పైభాగాన ఒక సున్నితమైన పొర ఉంటుంది. అందులోని నాడీకణాలపై గంధాన్ని పసిగట్టే గ్రాహకాలుంటాయి. వీటిని నిర్మించే జన్యువుల కుటుంబాన్ని అమెరికా శాస్త్రజ్ఞులు లిండా బక్, రిచర్డ్ ఏక్సెల్ 1991లో వెల్లడించారు. ఘ్రాణవ్యవస్థపై పరిశోధనలకు 2004లో వారికి నోబెల్ బహుమతి లభించింది. మనిషిలో పనిచేసే గ్రాహకాలు సుమారు 400 రకాలు. అవి అందరిలో ఒకే తీరున ఉండవు. ఆండ్రోస్టినోన్ అనే పదార్థం కొందరికి మూత్రంలా ఘాటుగా, కొందరికి వెనిలాలా తియ్యగా తోస్తుంది. ఇంకొందరికి దానిలో ఏ వాసనా తెలియదు. ఒక గ్రాహక జన్యువులోని చిన్న మార్పులు ఈ తేడాకు కొంతవరకు కారణమని 2007లో తేలింది. కనుక ఇద్దరు మిత్రులు ఒకే సీసా మూత తీసి చూసినా, వారికి అందినది ఒకే పరిమళమని చెప్పడానికి వీలులేదు.

అయితే శరీరం చెప్పేది సగం కథ మాత్రమే. సంస్కృతంలో 'వాసన' అనే పదానికి గంధమనే కాక, పూర్వానుభవంవల్ల మనస్సులో నిలిచిపోయిన సంస్కారమనీ అర్థం ఉంది. ఆ పదాన్ని అలా వాడిన పెద్దలకు మెదడు నిర్మాణం తెలియదు కాని, వారి ఊహ మాత్రం దూరం పోలేదు. చూసినది, విన్నది థాలమస్ అనే కేంద్రం మీదుగా మెదడు పైపొరకు చేరుతుంది. వాసనకు ఆ చుట్టుదారి అవసరం లేదు. ఉద్వేగాలకూ జ్ఞాపకాలకూ నెలవైన భాగాలతో దానికి దగ్గరి సంబంధం ఉంది. అందుకే ఏ వాసన అన్నది తెలిసేలోపే మనస్సు చలిస్తుంది.

ఈ సంస్కారం తల్లికడుపులోనే మొదలవుతుంది. గర్భవతిగా ఉన్నప్పుడు సోంపువంటి వాసనగల అనిస్ గింజలతో చేసిన పదార్థాలు తిన్న తల్లుల శిశువులు, పుట్టిన కొద్ది గంటలకే ఆ వాసనవైపు మొగ్గు చూపినట్లు ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు 2000లో ప్రకటించారు. ఆ తరువాత ఇల్లు నేర్పుతుంది. పసిబిడ్డకు తలంటి, గంపకింద నిప్పులమీద సాంబ్రాణి చల్లి, ఆ పొగకు జుట్టు ఆరబెట్టే ఇంట్లో పెరిగినవారికి ఆ వాసన అమ్మ చేతి స్పర్శ. మరొకరికి అదే దర్గాలో గురువారపు సాయంకాలం. ఇంట మరణం సంభవించిన రోజు కట్టలకొద్దీ అగరువత్తులు వెలిగించడం చూసిన బాలునికి, ఎంత మేలైన అగరువత్తి అయినా పూజను గుర్తుకు తేలేదు. అతడు ముఖం తిప్పుకొంటే అభిరుచి లేనివాడనడం అన్యాయం.

జ్ఞాపకాన్ని సీసాలో పట్టిన నేర్పరులు మన దేశంలోనే ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిపెళ్ళలను రాగి డేగిసాలో నీటితో మరిగించి, వచ్చే ఆవిరిని వెదురుగొట్టం ద్వారా చందనతైలంలోకి పంపుతారు. అలా తయారయ్యేదే మట్టి అత్తరు. తొలకరి జల్లుకు తడిసిన నేల వాసన అందులో ఉంటుంది. ఆ వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. పేరు లేకముందే కన్నౌజ్‌వారు దానిని అమ్మేవారు! మెట్టపొలాల రైతుబిడ్డకు ఆ అత్తరులో వినిపించేది విత్తనాల వేళ. వానను ఇబ్బందిగా మాత్రమే ఎరిగినవారికి అది వట్టి మట్టి.

అభిరుచులు వేరువేరని పూర్వులు గుర్తించారనడానికి వరాహమిహిరుని బృహత్సంహితలోని గంధయుక్తి ప్రకరణమే సాక్ష్యం. పదహారు ద్రవ్యాలనుండి నాలుగేసి ఎంచుకొంటే 1820 కూర్పులు వస్తాయని అందులో లెక్క ఉంది. ఒక్కొక్క కూర్పులోని నాలుగింటినీ ఒకటి, రెండు, మూడు, నాలుగు పాళ్ళలో మార్చి కలిపితే మరల 24 విధాలు. పరిమళం ఒక్కటే శ్రేష్ఠమని నమ్మినవాడు ఇంత గణితానికి పూనుకోడు. తెలుగునాట కాకతి గణపతిదేవుని మోటుపల్లి శాసనంలో సుంకం విధించిన సరకులలో చందనం, కర్పూరం, పన్నీరు, పునుగు కనిపిస్తాయి. శ్రీనాథుని హరవిలాసాన్ని కృతిగా పొందిన అవచి తిప్పయ సెట్టి సుగంధద్రవ్యాల వర్తకుడు. 'కర్పూర వసంతరాయలు'గా పేరొందిన కొండవీటి కుమారగిరి రెడ్డికి వాటిని సమకూర్చినవాడు. ఇక రాయలసీమ అడవుల ఎర్రచందనం పేరు విని సువాసనను ఊహించుకొనేవారికి నిరాశ తప్పదు: దాని విలువ రంగులోనే కాని గంధంలో లేదు. నాటి కస్తూరి కూడా నేడు మారిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కస్తూరిమృగాన్ని వేటాడడం నిషేధించింది. అంగడిలోని కస్తూరి పరిమళం చాలావరకు రసాయనశాలలో పుట్టినదే. మృగం ప్రాణంకంటె ఆ కృత్రిమత్వమే మేలు.

హైదరాబాదులో చార్మినారు పరిసరాల అత్తరు దుకాణాలలో ఈ అభిరుచి భేదం కళ్ళకు కడుతుంది. వేసవిలో వట్టివేరు, గులాబీ. చలికాలంలో హీనా, శమామా అడిగేవారు ఎక్కువ. అనుభవజ్ఞుడైన వర్తకుడు ఏది గొప్పదో చెప్పడు. గాజుపుల్లతో చేతి వెనుకభాగాన ఒక చుక్క రాసి కొంతసేపు ఆగమంటాడు. తేలికగా ఆవిరయ్యే వాసనలు మొదట ఎగిరిపోతాయి. బరువైనవి నిదానంగా పైకి వస్తాయి. ఒంటివేడినిబట్టి, చర్మాన్నిబట్టి కూడా తేడా కనిపిస్తుంది. మిత్రుని ఒంటిపై నచ్చిన పరిమళం తన ఒంటిపై నచ్చకపోవడంలో వింతలేదు. ప్రకటనలోని నటుణ్ణి చూసి సీసా కొనే యువకుడు ఈ పరీక్షను దాటవేస్తున్నాడు.

రంగు నచ్చకపోతే కన్ను మూసుకోవచ్చు. ఊపిరి ఆపడం సాధ్యం కాదు. వసతిగృహంలో నలుగురున్న గదిలో ఒకరు చల్లుకొన్న సెంటును నలుగురూ పీల్చవలసిందే. వారిలో ఉబ్బసమో పార్శ్వపు నొప్పో ఉన్నవారికి అది పరిమళం కాదు, బాధ. చల్లుకొన్నవారికి ఆ తీవ్రత తెలియకపోవడానికి కారణం ఉంది: ఎడతెగక సోకే వాసనను ముక్కు కొన్ని నిమిషాలలోనే లెక్కచేయడం మానేస్తుంది. వాసన తగ్గిందనుకొని వారు మరికొంత చల్లుకొంటారు. అంతకంటె నొప్పించేది మరొకటి ఉంది. సముద్రతీరంనుండి వచ్చిన విద్యార్థి పెట్టెలోని ఎండుచేపల వాసననో, పల్లెటూరి పిల్ల జడలోని ఆముదపు వాసననో చూసి ముక్కు చిట్లించడం వాసనతో ఆగదు. అది ఆ మనిషి ఇంటిని, తల్లిదండ్రుల వృత్తిని తాకుతుంది. ఆ వాసనలూ ఎవరికో సాంబ్రాణివంటివే.

అత్తరులో అద్దిన దూదిని చెవిమడతలో ఉంచుకొనే అలవాటు పాతతరంవారిలో ఉండేది. ఆ పరిమళం పెట్టుకొన్నవారికి, పండుగనాడు వారిని ఆలింగనం చేసుకొన్నవారికి తెలిసేది; వీధిలో పోయేవారికి తెలిసేది కాదు.