కిరాయి రెట్టింపు ఇస్తానంటే ఆగండి

నర్సీపట్నం, తుని, భద్రాచలం దారుల్లో లారీలు, క్యాబ్‌లు నడిపే అన్నలకు ఈ మాట. చింతపల్లి, జి.మాడుగుల కొండల్లోనో, సరిహద్దు అవతల మల్కన్‌గిరిలోనో పండిన గంజాయి హైదరాబాద్ చేరాలంటే బండి కావాలి. డబ్బు పెట్టినవాడు ఆ బండెక్కడు. దొరికేది డ్రైవరే. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో మన్యంలో వేల ఎకరాల్లో తోటలు నరికేశారు. అయినా ఒడిశా వైపు నుంచి సరుకు దిగుతూనే ఉంది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే శిక్ష 10 ఏళ్లకు తగ్గదు, 20 ఏళ్ల దాకా పడొచ్చు. జరిమానా కనీసం లక్ష. బెయిలు గగనం. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. సరుకు మీ చేతిలో ఉందని తేలాక, అందులో ఏముందో తెలియదని రుజువు చేసుకోవాల్సిన భారం మీదే. జడ్జిగారి ముందు ఒట్టు పెడితే సరిపోదు.

కాబట్టి రుజువు లోడు ఎత్తకముందే పుట్టాలి. బిల్టీ లేని బస్తా ఎక్కించకండి. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు అడగండి. పంపేవాడి పేరు, ఫోను రాసుకుని, మూట విప్పించి, ఫొటో తీసి అక్కడే ఓనరుకు వాట్సాప్ చేయండి. విప్పనంటే దించేయండి, మొహమాటం వద్దు. టోల్‌గేటు తప్పించి ఊళ్ల మీదుగా పొమ్మన్నా, ముందు బైకు మీద మనిషి దారి చూపిస్తాడన్నా ఇక అనుమానించాల్సిందే.

ఓనర్లూ, మీ సంగతి. గంజాయి దొరికిన బండి జప్తవుతుంది. మీకూ డ్రైవరుకూ తెలియదనీ, ఇద్దరూ తగిన జాగ్రత్త తీసుకున్నారనీ చూపిస్తేనే తిరిగొస్తుంది. ఈఎంఐ మాత్రం ఆగదు. డ్రైవరును రాతపూర్వకంగా హెచ్చరించి, సంతకం తీసుకోండి.

రాత్రి డ్యూటీలో అలసట తీరుతుందని గంజాయి దమ్ము కొట్టే అలవాటు పడ్డవాళ్లూ ఉన్నారు. దానివల్ల అలసట తీరదు, బ్రేకు మీద కాలు ఆలస్యంగా పడుతుంది. వాడకం కేసో, కొద్దిపాటి సరుకు కేసో పడ్డా, తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తిచేసిన వ్యసనపరుడికి ఆ చట్టమే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. సలహాకు 14446కు ఫోన్ చేయండి.

లోడు మీద అనుమానం వస్తే ఆంధ్రాలో 1972కు, తెలంగాణలో 1908కు ఫోన్ చేయండి. బండి కదలకముందే చెప్పండి.